‘కోమా’ నవల: ఒక పాతభయము యొక్క చరిత్ర

రాబిన్ కుక్ అను అమెరికా వైద్యుడు రచించిన ‘కోమా’ అను ఆంగ్లనవల 1977లో వెలువడినది. వైద్యశాల రంగముగా నడచు అపరాధ నవలకు విశేష ప్రచారము కల్పించినది ఈ గ్రంథమే. ఇందలి భయము కేవలము కవికల్పితము కాదనియు, దానికి నూటయేబది యేండ్ల పూర్వచరిత్ర కలదనియు ఇచట నిరూపింప యత్నింతుము.

కథాస్థలము బోస్టన్ నగరమందలి ఒక కల్పిత వైద్యశాల. స్వల్ప శస్త్రచికిత్సలకు వచ్చినవారు కొందరు మత్తునుండి మరల మేల్కొనరు. సూసన్ వీలర్ అను వైద్యవిద్యార్థిని కారణము నన్వేషించును. 8వ శస్త్రచికిత్సా గదికి ఆక్సిజన్ తెచ్చు గొట్టములోనికి కార్బన్ మోనాక్సైడును చేర్చుచున్నారని తేలును. మెదడు నశించిన ఆ దేహములను వేరొక సంస్థలో తీగలకు వ్రేలాడగట్టి పోషించి, అవయవములను రహస్యముగా విక్రయింతురు. ఈ నేరమునకు సూత్రధారి శస్త్రచికిత్సా శాఖాధిపతియే.

ఈ భయమునకు పూర్వరూపము స్కాట్లండులోని ఎడింబరో నగరమున కానవచ్చును. అచట వైద్యవిద్యార్థులు పెరిగిరి. పరిశీలనకు చట్టసమ్మతముగా లభించు శవములు మాత్రము చాలకుండెను. 1827లో విలియం హేరు బసలో సహజముగా మరణించిన యొకని దేహమును అతడును విలియం బర్కును కలసి 7 పౌనుల 10 షిల్లింగులకు విక్రయించిరి. పిమ్మట 1828లో 16 మందిని చంపి, ఆ దేహములను రాబర్ట్ నాక్స్ అను శరీరశాస్త్ర బోధకునకు అమ్మిరి. 1829లో బర్కును ఉరితీసిరి. సాక్ష్య మిచ్చిన హేరు విడుదలయ్యెను. నాక్స్‌పై అభియోగమే లేకపోయెను. 1832లో శరీరశాస్త్ర చట్టము వచ్చినది. అది హత్యలకు ఎరయైన కొరతను తీర్చినది. కాని బంధువులు కోరని శవములను బోధకుల కిచ్చుటకు వీలు కల్పించుటచే, ఆ భారము అనాథలైన బీదలపై బడెను.

ఇరువదవ శతాబ్దమున కొరత రూపము మారినది. 1954లో బోస్టన్ నగరముననే జోసెఫ్ మర్రే ఒక కవల సోదరుని మూత్రపిండమును రెండవవానికి అమర్చెను. 1967లో క్రిస్టియన్ బర్నార్డ్ కేప్‌టౌనులో గుండెను మార్చెను. 1968లో హార్వర్డ్ వైద్యుల సంఘము మెదడు మరణమును నిర్వచించెను. ఆ నివేదిక శీర్షికలో ‘కోమా’ అను మాటయే కలదు. పూర్వము విద్యకై శవము కావలసివచ్చెను. ఇపుడు చికిత్సకై సజీవావయవము కావలసివచ్చినది. కుక్ తన కథను ఈ సంధియందు నిలిపెను.

ఎడింబరోలో మొదట నేరము, తరువాత చట్టము, ఆపై 1884లో స్టీవెన్సన్ కథ వచ్చినవి. ఇచట కథయే ముందు నడచినది. అవయవముల క్రయవిక్రయములను నిషేధించు చట్టము అమెరికాలో 1984లోను, మనదేశమున 1994లోను వచ్చినవి. నవలయే వీనికి కారణమని మేము చెప్పము. ఐనను బర్కు, హేరులు బాటసారులను, బీదలను వంచించిరి. కుక్ నవలలోని వైద్యుడు తన్ను నమ్మి కన్నులు మూసికొన్న రోగినే వంచించెను. దేహమునకు వెల కట్టబడినచోట విద్యాధికుడును హంతకుడు కాగలడని ఈ రెండు వృత్తాంతములును తెలుపుచున్నవి.