తెగిన వలయం, తామర, భరిణె

కంసాలి ఇంట పుట్టినవాణ్ణి. ఏ నగ చూసినా ముందు పనితనం చూస్తాను, అర్థం సంగతి తర్వాత. పాత చైనా జేడ్ పతకాల దగ్గర మాత్రం ఆ వరస కుదరదు. ఖోటాన్ నదుల్లో దొరికే నెఫ్రైట్ అనే ఆ రాయి మీద మామూలు ఉక్కు కత్తికి గీత పడదు. తాడుతోనో రేకుబిళ్ళతోనో తడి ఇసుకను రుద్ది రుద్ది అరగదీయాల్సిందే. అంత ఓపికతో చేసి నడుముకు వేలాడదీసుకున్నదాన్ని అలంకారంగా వదిలేస్తారా? దానిచేత మాట్లాడించారు.

నాకు నచ్చేది ‘జ్యుయే’. వలయమే, కానీ ఒకచోట చీలిక ఉంటుంది. జ్యుయే పంపితే తెగదెంపులు. నిండు వలయం ‘హువాన్’ పంపితే మళ్ళీ కలుద్దామని. క్రీ.పూ. 3వ శతాబ్దపు తత్త్వవేత్త షున్‌జీ పేరున్న గ్రంథంలోనే ఈ వాడుక ఉంది.

క్రీ.పూ. 206లో హోంగ్‌మెన్ విందు. షియాంగ్ యూ, లియూ బాంగ్ అన్నదమ్ములమని మాట ఇచ్చుకున్నవాళ్ళు, ఇప్పుడు రాజ్యానికి పోటీదారులు. షియాంగ్ యూ సలహాదారు, ముసలి ఫాన్ జెంగ్, తన జ్యుయేను మూడుసార్లు ఎత్తి చూపాడు. లియూ బాంగ్‌ను చంపెయ్యమని సైగ. షియాంగ్ యూ పలకలేదు. లియూ బాంగ్ మెల్లగా జారుకుంటూ కానుకలు వదిలివెళ్ళాడు: షియాంగ్ యూకు తెల్ల జేడ్ బిళ్ళల జత, ఫాన్ జెంగ్‌కు జేడ్ పాత్రల జత. మొదటివాడు పుచ్చుకున్నాడు. ముసలాయన కత్తి దూసి పాత్రలు పగలగొట్టాడు. (గీత పడని రాయి దెబ్బకు పగలదని ఎవరన్నారు?) నాలుగేళ్ళకు షియాంగ్ యూ పోయాడు, లియూ బాంగ్ హాన్ చక్రవర్తి అయ్యాడు. చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన కథ ఇది.

తర్వాతి కాలపు పతకాలు ఇంత కటువుగా మాట్లాడవు. మింగ్, చింగ్ కాలాల్లో గబ్బిలాలు, పీచు పండ్లు, నవ్వుతున్న జంట మూర్తులు వచ్చాయి. ఆ జంట టాంగ్ కాలపు హాన్‌షాన్, షిడ. తియెన్‌తాయ్ కొండమీది గ్వోచింగ్ మఠం వంటింట్లో పనిచేసే షిడ, మిగిలిన అన్నం వెదురు గొట్టంలో దాచి కవి హాన్‌షాన్‌కు పెట్టేవాడట. స్నేహమంటే నాకు ఆ గొట్టమే. చెక్కేవాళ్ళు దాన్ని వదిలేసి ఒకరి చేతికి తామర, మరొకరి చేతికి భరిణె ఇచ్చారు, ఆ రెండు మాటలూ సామరస్యం అనే మాటలాగే ‘హె’ అని పలుకుతాయి కాబట్టి. 1733లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి వాళ్ళకు అదే పేరున బిరుదులిచ్చాడు. జనం ఇంకో అడుగు ముందుకేసి పెళ్ళిళ్ళకు దేవతలుగా కూర్చోబెట్టారు, మఠం ఎంగిలి అన్నంతో గడిపిన ఆ ఇద్దరు విరాగులను!