అవ్వ బెళకిండి, మ్యూనిక్ సీసా

మా ఊరి పెంకుటింట్లో పొయ్యికి పైన ఒక కంత ఉండేది. అవ్వ దాన్ని కన్నడంలోనే బెళకిండి అనేది. వెలుగు లోపలికి, పొగ బయటికి. మిద్దె వేసినప్పుడు అది పోయింది.

మొన్న బెంగళూరు ఇంట్లో కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టాం. తలుపులు బిగించి నలుగురం పడుకున్న గదిలో తెల్లారేసరికి 2,100 పీపీఎం చూపింది. బయటి గాలిలో సుమారు 420. వెయ్యి దాటితే గదికి గాలి చాలట్లేదని లెక్కట. ఈ వెయ్యి ఎక్కడిదని వెతుక్కుంటూ పోతే 1858 దాకా వెళ్ళాం.

జర్మనీలోని మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త ఆ ఏడు ఇళ్ళలో గాలి మార్పిడి మీద పుస్తకం తెచ్చారు. కొలత తెలిసిన సీసాలో గది గాలి పట్టి, సున్నపు తేటలాంటి క్షారజలం పోసి కుదిపేవారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంత క్షారాన్ని ఖర్చు చేస్తుంది. మిగిలింది ఎంతో ఆమ్లం కలిపి తేల్చేవారు. వెయ్యి పాళ్ళ గాలిలో ఒక పాలు, అంటే 1,000 పీపీఎం, మించకూడదన్నారు. ఆ మోతాదులో అది విషమని కాదు. మనుషులు వదిలిన గాలి గదిలో ఎంత నిలిచిపోయిందో చెప్పే గుర్తు, అంతే.

అంటే ఈ అంకె ఊపిరి లెక్క, పొగ లెక్క కాదు. పొయ్యి పొగని మన పల్లెల్లో కొలవడం చాలా ఆలస్యంగా మొదలైంది. కర్క్ స్మిత్, ఆయన సహచరులు గుజరాత్‌లోని నాలుగు పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ళకే చిన్న పంపులు తగిలించారు. వాళ్ళు పీల్చే గాలిలోని ధూళిని ఫిల్టరు మీద పట్టి తూచారు. 1983లో అచ్చయిన లెక్క ప్రకారం వంట సేపు ఘనమీటరు గాలిలో సగటున దాదాపు 7 మిల్లీగ్రాములు. పట్నం వీధి గాలి కన్నా ఎన్నో రెట్లు.

అవ్వ దగ్గుని మేము వయసు దగ్గు అనుకున్నాం. సీసా గానీ పంపు గానీ ఆమె వంటింటికి ఎన్నడూ రాలేదు. బెళకిండి మోసినంత పొగ మోసింది, మిగతాది అవ్వ పీల్చింది.

ఇప్పుడు రాత్రి కిటికీ కొంచెం తీసి పడుకుంటున్నాం. తెల్లారికి 900 దాటట్లేదు. పోపు పెట్టేటప్పుడు మాత్రం మీటరు ఎంత చూపినా సరే, ముందు ఫ్యాను వేస్తాం. మీ పాత ఇళ్ళలో ఆ కంతని ఏమనేవారో, మీ అవ్వల్ని అడిగి రాసి పెట్టుకోండి.