ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు: జీతభత్యాలు, ప్రవేశార్హతల చరిత్ర (తెలుగు రాష్ట్రాలు)

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు దాదాపు అన్ని పాఠాలూ చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ కాగితాల్లో సెకండరీ గ్రేడ్ టీచర్ అంటారు, వాడుకలో ఎస్జీటీ. ప్రాథమిక బడిలో పనిచేసేవారికి 'సెకండరీ' అనే మాట ఎందుకు అంటుకుందో కొత్తవారికి అర్థం కాదు. అది మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి శిక్షణ సర్టిఫికెట్ పేరు. ఎనిమిదో తరగతితో చదువు ఆపి శిక్షణ పొందినవారు ఎలిమెంటరీ గ్రేడు, ఎస్సెస్సెల్సీ దాకా చదివి శిక్షణ పొందినవారు సెకండరీ గ్రేడు. ఎవరి గ్రేడుకు తగ్గ జీతం వారికి ఉండేది. కింది గ్రేడులు కాలక్రమంలో పోయాయి, పై గ్రేడు పేరు మాత్రం ఉద్యోగానికే పేరుగా స్థిరపడింది. ఈ పేరులోనే అసలు విషయం కొంత ఉంది: ఈ కొలువులో జీతమూ అర్హతా ఒకే కాడికి కట్టిన ఎడ్లు. ఒకదాన్ని అదిలించి రెండోదాన్ని నిలిపేస్తే బండి కదలదు. రెండు వందల ఏళ్లుగా పాలకులు చేస్తూ వచ్చింది సరిగ్గా ఇదే. ముందు గుమ్మంలో అర్హత పెంచిన ప్రతిసారీ, తక్కువ జీతంతో మనుషులను లోపలికి తెచ్చుకోవడానికి పెరటి గుమ్మం ఒకటి తెరిచారు.

వీధిబడి పంతులుకు జీతం లేదు, రాబడి ఉండేది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరి నుంచి బడుల లెక్కలు తెప్పించాడు. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, వాటిలో లక్షా 88 వేలకు పైగా పిల్లలు తేలారు. 1826 మార్చిలో రాసిన నివేదికలో ఆయన బడిపంతులు ఆర్థిక స్థితిని సూటిగా లెక్కగట్టాడు. పిల్లవాడి తల్లిదండ్రులు నెలకు నాలుగు అణాల నుంచి ఎనిమిది అణాల దాకా ఇస్తారు. మామూలు పంతులుకు అన్నీ కలిపి నెలకు ఆరేడు రూపాయలకు మించదు. ఆ రాబడి కోసం తగిన చదువున్నవాడెవడూ ఈ పనికి రాడు. 'బతకలేక బడిపంతులు' అని మన ఊళ్లలో అన్నమాటనే దొర తన భాషలో కాగితం మీద పెట్టాడు. పండగ ముడుపులు ఈ రాబడికి వేడినీళ్లకు చన్నీళ్లలా తోడయ్యేవి. దసరాకు పిల్లలు విల్లమ్ములు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ అయ్యవారికి వరహాలు అడిగే ఆచారాన్ని మనం ముచ్చటగా తలుచుకుంటాం గానీ, లెక్కల కంటితో చూస్తే అది పంతులుగారి పండగ అలవెన్సు, వసూలు బాధ్యత విద్యార్థులది.

మన్రో దగ్గర మందు కూడా ఉంది. జిల్లా కేంద్రంలోని కలెక్టరేటు బడి ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తాలూకాలోని తహసీల్దారీ బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు సర్కారు నుంచి ఇవ్వాలని, వారిని మద్రాసులో తర్ఫీదు చేసి పంపాలని ప్రతిపాదించాడు. అర్హతనూ జీతాన్నీ ఒకే ఉత్తర్వులో ఎత్తిన తొలి ప్రయత్నం ఇదే. ఆయన 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. బడులు కొన్నేళ్లు నడిచి 1836లో మూతపడ్డాయి. ఇంగ్లీషు చదువు వైపు మొగ్గిన కంపెనీ ఖజానాకు తెలుగు అక్షరాలు దిద్దించే తొమ్మిది రూపాయల పంతులు దండగ ఖర్చుగా కనిపించాడు.

1854 నాటి వుడ్ విధాన పత్రం తర్వాత గ్రాంట్లు వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం ప్రాథమిక బడుల విషయంలో గట్టిగా పట్టుకున్న పద్ధతి ఫలితాలను బట్టి గ్రాంటు. ఏటా ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను చదివించి, రాయించి, లెక్కలు చేయించి, ప్యాసైన తలకు ఇంత అని డబ్బు ఇచ్చేవాడు. సర్కారుకు ఇది చవక, పైగా పనికి తగ్గ కూలి అన్న పేరు. పంతులుకు మాత్రం ఏడాదంతా చాకిరీ, ఒక్క రోజు జూదం. పిల్లవాడికి జ్వరం వస్తే పంతులు బియ్యం తగ్గేవి. పరీక్షించే ముక్కలనే వల్లె వేయించడం అప్పటి నుంచే బడిలో పాతుకుంది. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఈ పద్ధతిని వదిలేశారు. ఉపాధ్యాయుడి జీతాన్ని పిల్లల మార్కులకు ముడిపెట్టాలని ఇప్పుడు వాదించేవారు దీన్ని కొత్త ఆలోచనగా చెప్పడం ఆశ్చర్యం.

తర్వాతి యాభై ఏళ్లలో ప్రాథమిక బడి జిల్లా బోర్డుల చేతికి, ఎయిడెడ్ మేనేజర్ల చేతికి పోయింది. మద్రాసులో 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. గ్రేడుల విధానం స్థిరపడి ట్రైనింగ్ స్కూళ్లు పెరిగాయి గానీ ఒకే సర్టిఫికెట్ ఉన్న ఇద్దరికి బోర్డు బడిలో ఒక జీతం, ఎయిడెడ్ బడిలో ఇంకో జీతం. 1959 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక బడులు సమితుల కిందికి వెళ్లాయి, బదిలీలు సమితి అధ్యక్షుడి దయ మీద ఆధారపడ్డాయి. 1964-66 నాటి కొఠారీ కమిషన్ యాజమాన్యం ఏదైనా ఒకే అర్హత, ఒకే బాధ్యత ఉన్నవారికి ఒకే జీతం ఉండాలని చెప్పింది. ఉపాధ్యాయ సంఘాల డిమాండ్ల పత్రాల్లో ఈ వాక్యం దశాబ్దాల పాటు నలిగింది. స్థానిక సంస్థల బడుల ఉపాధ్యాయులకు ట్రెజరీ నుంచి నేరుగా జీతం పడే '010 పద్దు' ఈ పోరాటం నుంచే వచ్చింది. బయటివారికి అది ఒక అంకె. ఉపాధ్యాయుడికి మాత్రం ఒకటో తారీఖు భరోసా.

ఇక్కడ పెరటి గుమ్మం సంగతి చెప్పాలి. 1980ల్లో ఉమ్మడి రాష్ట్రంలో నెలకు 398 రూపాయల ఏకమొత్తం మీద స్పెషల్ టీచర్లను వేశారు. పేరు స్పెషల్, జీతం మాత్రం స్కేలుకు బయట. తర్వాత క్రమబద్ధం అయినా, ఆ తొలి సంవత్సరాలకు నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం వారు దశాబ్దాలు తిరిగారు. ఇప్పటికీ సంఘాల్లో వారిని '398 టీచర్లు' అనే అంటారు. ఆ వెనక డీఎస్సీలో, అంటే జిల్లా ఎంపిక కమిటీ నియామక పరీక్షలో, ఎంపికైనవారిని కూడా మొదట అప్రెంటిస్‌లుగా స్వల్ప వేతనం మీద పనిచేయించి, తర్వాతే స్కేలు ఇచ్చిన పద్ధతి వచ్చింది. దాని వెనకే విద్యా వలంటీర్లు. 1998 డీఎస్సీలో అర్హత సాధించి ఉద్యోగం దక్కనివారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాదాపు పాతికేళ్ల తర్వాత కనీస టైమ్ స్కేలు మీద కాంట్రాక్టు ఉద్యోగాలిచ్చింది. వారిలో చాలామంది రిటైర్మెంటుకు చేరువైనవారే. 2003 డీఎస్సీ వారిది ఇంకో రకం నష్టం. నోటిఫికేషన్ పాత పింఛను అమల్లో ఉన్నప్పుడు వచ్చింది, నియామకాలు 2004 సెప్టెంబరు 1 దాటాక జరిగాయి, దాంతో వారు కాంట్రిబ్యూటరీ పింఛను పథకంలో పడ్డారు. ఉద్యోగంలో చేరిన తేదీ కూడా జీతంలో భాగమేనని ఈ ఒక్క ఉదాహరణ చాలు చెప్పడానికి.

ముందు గుమ్మం మాత్రం ఎత్తు పెరుగుతూనే వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానంతో జిల్లాకో డైట్ శిక్షణ కళాశాల వచ్చింది. పదో తరగతి మీద నడిచిన శిక్షణ ఇంటర్మీడియట్ మీదికి మారింది. విద్యాహక్కు చట్టం కింద జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టులో కనీస అర్హతలు ప్రకటించింది: ఇంటర్మీడియట్‌లో సాధారణంగా 50 శాతం మార్కులు, రెండేళ్ల డీఎడ్, పైన ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్. ఉమ్మడి రాష్ట్రంలో తొలి టెట్ 2011లో జరిగింది. 150 మార్కులకు ఓసీ అభ్యర్థి 90 తెచ్చుకోవాలి. డీఎస్సీ పరీక్ష 80 మార్కులకు పెట్టి, మిగతా 20 టెట్ మార్కుల నుంచి కలుపుతారు. బీఎడ్ వారు ఎస్జీటీ పోస్టులకు తగుదురా అన్న తగాదా 2008 డీఎస్సీని ఏళ్ల తరబడి కోర్టుల్లో తిప్పింది. 2018లో జాతీయ మండలి బీఎడ్‌కు తలుపు తీసింది, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు మూసింది: చిన్నపిల్లలకు చెప్పే విద్య వేరు, ఆ శిక్షణ డీఎడ్‌లోనే ఉంది అని. ఏజెన్సీ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 సంవత్సరపు 3వ నంబరు జీవోను అదే కోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. పిల్లల ఇంటి భాష తెలియడం కూడా ఒక అర్హతేనన్న వాదనకు ఆ తీర్పులో చోటు దొరకలేదు.

జీతం విషయానికొస్తే, ఎస్జీటీ మూలవేతనం 2010 స్కేళ్లలో 10,900 దగ్గర మొదలైంది, 2015లో 21,230కి, 2022 ఆంధ్ర స్కేళ్లలో 32,670కి చేరింది. పుష్కర కాలంలో మూడింతలు అనిపిస్తుంది గానీ ఇందులో పెద్ద వంతు పాత కరువు భత్యం మూలంలో కలవడమే. 21,230కి 30.392 శాతం డీఏ 6,452, మూలవేతనంపైనే 23 శాతం ఫిట్‌మెంట్ 4,883 కలిపితే 32,565. స్కేలులో తర్వాతి మెట్టు 32,670. నిజమైన పెంపు ఆ ఫిట్‌మెంటే. అప్పటికి 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవారికి 23 శాతం ఫిట్‌మెంట్ అనడంతో దాన్ని 'రివర్స్ పీఆర్సీ', అంటే వెనక్కి నడిచిన వేతన సవరణ, అన్నారు, 2022 ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్లు నిండిపోయాయి. తెలంగాణ 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చింది. అయితే ఒక చిత్రం చూడండి: ఫిట్‌మెంట్ ఎక్కువ ఇచ్చిన తెలంగాణలో కొత్తగా చేరే ఎస్జీటీ మూలవేతనం 31,040, తక్కువ ఇచ్చిన ఆంధ్రలో 32,670. ఫిట్‌మెంట్ ఉన్నవారిది, స్కేలు మొదటి మెట్టు రాబోయేవారిది. పీఆర్సీ చర్చలన్నీ మొదటిదాని చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే రెండోదాని కోసం ధర్నా చేసేవారు ఇంకా ఉద్యోగంలోకి రాలేదు. భత్యాలదీ ఒక వంకర: ఇంటి అద్దె భత్యం మహానగరంలో మూలవేతనం మీద 24 శాతం, పల్లెలో ఆంధ్రలో 10, తెలంగాణలో 11. అద్దెల లెక్కకు ఇది న్యాయమే. మారుమూల బడిలో చేరమని మనిషిని పిలిచే లెక్కకు మాత్రం ఎదురు నడుస్తుంది.

జీతమూ అర్హతా కలిసే నడవాలన్న ఈ వాదనకు బలమైన ఆక్షేపణ ఆంధ్రప్రదేశ్ గ్రామాల నుంచే వచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలో లాటరీ పద్ధతిలో ఎంచిన వంద బడులకు ఒక్కో అదనపు కాంట్రాక్టు టీచరును ఇచ్చి చూశారు. జీతం రెగ్యులర్ వారి జీతంలో ఐదో వంతు. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు ముందుకెళ్లారు, కాంట్రాక్టు వారు బడి ఎగ్గొట్టడమూ తక్కువే. అలాంటప్పుడు అర్హత, జీతం గురించి ఇంత రభస ఎందుకు? ఇంకోటి: ఇండోనేషియాలో ఉపాధ్యాయుల జీతం రెట్టింపు చేసి చూస్తే పిల్లల చదువులో తేడా రాలేదని మురళీధరన్ పాల్గొన్న మరో అధ్యయనం 2018లో చూపింది. ఈ రెంటినీ కొట్టిపారేయలేం. కానీ మొదటిది నిరూపించింది బడిలో ఇంకో మనిషి ఉంటే పిల్లలకు మేలని, రెగ్యులర్ ఉపాధ్యాయుడి బదులు కాంట్రాక్టు మనిషి చాలునని కాదు. పైగా ఆ తక్కువ జీతానికి పనిచేసినవారిని నిలబెట్టింది ఎప్పటికైనా క్రమబద్ధం చేస్తారన్న ఆశ. ఆ ఆశకు హామీ రెగ్యులర్ స్కేలే. రెండోది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి డబ్బు పెంచిన ప్రయోగం. జీతం పనిచేసేది ముఖ్యంగా గుమ్మం దగ్గర, ఎవరు లోపలికి వస్తారన్న చోట. మన్రో చెప్పిందీ అదే.

ఇప్పుడు గుమ్మం దగ్గర మనుషులకు కొదవ లేదు కదా అనవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షల ముప్పై వేలకు పైగా అభ్యర్థులు వచ్చారు. ఈ రద్దీకి జీతమొక్కటే కారణం కాదు. ప్రైవేటు బడుల్లో అదే డీఎడ్‌కు దక్కేది ఇందులో చిన్న భాగం, ఉద్యోగ భద్రత సున్నా. పైగా ఆంధ్రలో అంతకుముందు డీఎస్సీ 2018లో. తెలంగాణలో 2017 టీఆర్టీ నియామక పరీక్ష తర్వాత 2024లో 11,062 పోస్టులకు మళ్లీ పెట్టారు. ఏడేళ్ల నీటిని కట్ట కట్టి ఒక్కసారి తూము ఎత్తితే వరదే కనిపిస్తుంది. ఆ ఏడేళ్లలో బడులు నడిచింది వలంటీర్లతో, సర్దుబాట్లతో, ఒకే ఉపాధ్యాయుడికి ఐదు తరగతులు అప్పగించి. తెలంగాణలో గరిష్ఠ వయసు 46కు, ఆంధ్రలో 44కు పెంచారంటే, అది ఉదారత అనిపించినా నిజానికి ఆలస్యానికి పరిహారం.

ఈ ఆలస్యాల బిల్లు ఇప్పుడు వేరే వైపు నుంచి వచ్చింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు టెట్ కొత్తవారికే కాదు, ఇప్పటికే పనిచేస్తున్న ఉపాధ్యాయులకూ తప్పదని తీర్పు చెప్పింది. రిటైర్మెంటుకు ఐదేళ్ల లోపు ఉన్నవారు టెట్ లేకుండా కొనసాగవచ్చు, పదోన్నతి మాత్రం ఉండదు. మిగతావారు రెండేళ్లలో పాసవాలి. 2010కి ముందు, ఆనాటి నిబంధనల ప్రకారం, ఆనాటి డీఎస్సీ రాసి, కొందరు అప్రెంటిస్ జీతంతో మొదలుపెట్టి సర్వీసు చేసినవారిలో చాలామంది ఈ లెక్కలోకి వస్తారు. వారు తమ పిల్లల వయసున్న అభ్యర్థుల పక్కన కూర్చుని శిశు వికాసం ప్రశ్నలకు జవాబులు రాయాల్సిన ఆ గడువు 2027 సెప్టెంబరుకు ముగుస్తుంది.