చాటింపు నుండి ఈమెయిల్ సూచన వరకు

ఒక నిర్ణయము జరుగుట వేరు. అది సంబంధించినవానికి తెలియుట వేరు. ఈ రెంటి నడుమనున్న ఎడమును తగ్గించుటకే మానవుడు దండోరాను, తపాలాను, తంతిని, తుదకు ఈమెయిల్ సూచనను కల్పించుకొనినాడు. సాధనములు మారినవి గాని చిక్కు మాత్రము పాతదే.

మాచారెడ్డి ప్రాంతమునే తీసికొందము. 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోని ఈ మండలము అంతకు పూర్వము నిజామాబాదు జిల్లాలోనిది. 1948 వరకు ఈ సీమ నిజాము రాజ్యములోనిది. ఆనాటి తెలంగాణ పల్లెలలో ఊరివారికి తెలుపవలసిన మాటను డప్పు మీద చాటించుట వాడుక. పటేలు ఇంటింటికి పోనక్కరలేదు. మాట ఒకనికి చెప్పిన చాలును, అతడు వాడవాడకు వినిపించును. ఏర్పాటు తెలివైనదే. కాని కబురు మోయు పనిని వెట్టిగా చేయించుకొనిరి. మోసినవాని శ్రమకు విలువ లేదు; పొరుగూరికి పోయినవానికి అది చేరినదా యని విచారించు పద్ధతియు లేదు.

తంతి సేవ మన దేశమున 1855లో ప్రజలకు లభించి, 2013 జూలైలో ముగిసినది. అది సాగుచుండగనే, 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ నెట్‌వర్కు ద్వారా ఒక కంప్యూటరు నుండి వేరొకదానికి జాబు పంపెను. 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన ఎస్.ఎం.టి.పి. నియమావళి ఈ జాబుల రాకపోకలకు కట్టుబాటు ఏర్పరచినది. దాని ప్రకారము జాబును స్వీకరించిన సర్వరు 250 అను సంఖ్యతో బదులిచ్చును. ‘ఇకమీదట బాధ్యత నాది’ యనియే దాని భావము. ‘గ్రహీత చదివినాడు’ అని కాదు. 4తో మొదలగు సంఖ్య తాత్కాలికమైన ఆటంకమును, 5తో మొదలగునది నిరాకరణను తెలుపును.

ప్రోగ్రాముల రచనయు ఈలోగా మారినది. 1960 తరువాతి దశకమున నార్వేలో డాల్, నైగార్డ్ అనువారు సిమ్యులా భాషను నిర్మించి, సమాచారమును, దానిపై జరుగు పనులను ఒక్క ‘ఆబ్జెక్టు’లో కూర్చిరి. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసైడ్స్ అను నలువురు ప్రకటించిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథమున 23 రచనా పద్ధతులున్నవి. వానిలో ‘అబ్జర్వర్’ ఒకటి. మార్పు పొందిన ఆబ్జెక్టు ఆ సంగతిని ప్రకటించును. ముందుగా నమోదైనవన్నియు వినును. వినువారు ఆ మాటతో ఏమి చేయుదురో ప్రకటించువానికి తెలియనక్కరలేదు. ఇది మన చాటింపు తీరే కదా!

2011లో మీసేవ ఆరంభమైన పిమ్మట కంప్యూటరు ద్వారా ధ్రువపత్రములు పొందుట పల్లెలకును అలవాటైనది. అట్టి అప్లికేషను నొకదానిని మనమే రచించుచున్నామనుకొందము. మంజూరు చేయు భాగమే ఈమెయిలును కూడ పంపవలెనన్నచో, మెయిల్ సర్వరు నిలిచిన దినమున మంజూరును నిలిచిపోవచ్చును. కావున మంజూరు భాగము ‘ధ్రువపత్రము సిద్ధమైనది’ అని నమోదు చేసి ఊరకుండవలెను. ఆ నమోదును చూచి ఈమెయిల్ పంపునదొకటి, ఫోనునకు సంక్షిప్త సందేశము పంపునది మరియొకటి, వేర్వేరుగా పనిచేయవలెను. రేపు మూడవ సాధనము వచ్చినను మంజూరు భాగమును కదలింపనక్కరలేదు. ఆటంకము తాత్కాలికమైనచో కొంత వ్యవధి నిచ్చి మరల ప్రయత్నింపవలెను. ఒకే కబురు రెండు మారులు పోకుండుటకు ప్రతి సూచనకును ఒక సంఖ్య నుంచవలెను.

ఇంత చేసినను చేరని జాబులు కొన్ని యుండును. చిరునామాలో ఒక్క అక్షరము తప్పినను చాలును. విద్యార్థి వేతనమునకు గడువు రేపటితో ముగియుచుండగా, మాచారెడ్డిలోని యొక బాలునికి పత్రము సిద్ధమైన సంగతియే తెలియనిచో, మంజూరు జరిగియు అతనికి ఫలమేమి? కావున నిరాకరింపబడిన జాబుల పట్టిక యంత్రములోనే అణగియుండరాదు. ప్రతిదినము ఒక ఉద్యోగి కంటబడవలెను, అతడు ఫోను చేసియైనను ఆ బాలునికి చెప్పవలెను. చాటింపు నాడు చేరినదా యని విచారించువారు లేకపోయిరి. నేడు ఆ విచారణను సేవా నిర్మాణములోనే చేర్చు వీలు కలిగినది. దానిని విడిచిన నిర్మాణము ఎంత వేగము గలదైనను సగము పనియే చేసినట్లు.