ఒలింపిక్స్‌లో మొదటి బాస్కెట్

మా అమ్మాయి హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టులో చేరిన కొత్తల్లో, శనివారాలు తనని జిమ్‌లో దింపి, ఓ మూల లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాణ్ణి. ఇంజనీరింగ్ రోజుల్లో క్రికెట్ తప్ప మరో ఆట పట్టించుకోని బాపతు నేను. "అమెరికా విమెన్స్ టీమ్ ఎప్పుడూ ఇలాగే గెలిచేదా నాన్నా?" అని ఒకరోజు అడిగింది. నాకు తెలియదు. వెతికితే తెలిసిన కథ ఇది.

మగవాళ్ళ బాస్కెట్‌బాల్ 1936లోనే ఒలింపిక్స్‌లో చేరింది. ఆడవాళ్ళ వంతు రావడానికి ఇంకో 40 ఏళ్ళు పట్టింది. 1976 మాంట్రియల్ క్రీడలకు ముందు ఏడాది ప్రపంచ పోటీల్లో అమెరికా జట్టుది ఎనిమిదో స్థానం! అర్హత పోటీలు ఆడి గెలిస్తే గానీ మాంట్రియల్‌లో అడుగు పెట్టలేకపోయింది.

తొలి మ్యాచ్ జపాన్‌తో. ఒలింపిక్స్ మహిళల బాస్కెట్‌బాల్ చరిత్రలో మొట్టమొదటి బాస్కెట్ వేసింది లూసియా హారిస్. మిసిసిపీలో కూరగాయలు పండించుకునే నల్లజాతి కుటుంబంలో పుట్టిన ఆరడుగుల మూడంగుళాల పిల్ల. బాస్కెట్ ఆమెదే గానీ, మ్యాచ్ మాత్రం 84-71తో జపాన్‌ది. సోవియట్ జట్టయితే 112-77తో చిత్తు చేసింది. వాళ్ళ సెంటర్ ఉల్యానా సెమ్యోనోవా దాదాపు ఏడడుగుల మనిషి మరి! మిగతా మూడూ గెలిచి మనవాళ్ళు వెండి పతకం తెచ్చుకున్నారు.

1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం 37 మాటల వాక్యం. అందులో ఆటల ఊసే లేదు. ఫెడరల్ డబ్బు తీసుకునే బడుల్లో ఆడా మగా తేడా చూపకూడదు, అంతే. దాని చలవతో కాలేజీల్లో ఆడపిల్లల జట్లు పెరిగాయి. కాలేజీ దాటాక ఎక్కడ ఆడాలి? హారిస్ తన డెల్టా స్టేట్ కాలేజీకి వరసగా మూడుసార్లు జాతీయ టైటిల్ తెచ్చింది. 1977లో మగవాళ్ళ ఎన్.బి.ఎ. జట్టు న్యూ ఆర్లియన్స్ జాజ్ ఆమెను డ్రాఫ్ట్ చేసింది కూడా. ఆమె వెళ్ళలేదు. ఆడవాళ్ళకంటూ నిలకడైన లీగ్ అప్పటికి లేదు. ఇరవై రెండేళ్ళకే ఆట దాదాపు అయిపోయింది.

1984, 1988లలో బంగారం వచ్చినా, 1992 బార్సిలోనాలో కంచు పతకంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అప్పటిదాకా క్రీడలకు కొన్ని వారాల ముందు జట్టును కూర్చేవారు. డెడ్‌లైన్ ముందు టీమ్‌ని కూర్చే మేనేజర్లు మనకేమీ కొత్త కాదు కదా! 1995లో పద్ధతి మార్చారు. ఏడాదికి 50,000 డాలర్ల జీతమిచ్చి జట్టును కలిపి ఉంచారు. కోచ్ టారా వాండర్‌వీర్ స్టాన్‌ఫర్డ్‌కి సెలవు పెట్టి వచ్చారు. దేశదేశాలు తిరిగి 52 మ్యాచ్‌లు ఆడి 52 గెలిచారు. అట్లాంటాలో మరో ఎనిమిది. ఫైనల్లో బ్రెజిల్ మీద 111-87. మరుసటి ఏడాది, 1997లో, డబ్ల్యు.ఎన్.బి.ఎ. మొదలైంది.

అప్పటినుంచి 2024 పారిస్ వరకు వరసగా ఎనిమిది బంగారు పతకాలు. పారిస్ ఫైనల్ మేమిద్దరం కలిసి చూశాం. ఆఖరి క్షణంలో ఫ్రాన్స్ అమ్మాయి వేసిన షాట్ పడింది, కానీ ఆమె కాలు గీత మీద ఉంది. మూడు పాయింట్లు కావలసినవి రెండయ్యాయి. 67-66.

హారిస్ 2022 జనవరిలో కన్నుమూశారు. ఆమె మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి రెండు నెలల తర్వాత ఆస్కార్ వచ్చింది.

"లెవెన్త్ గ్రేడ్‌కి వచ్చింది, ఇంకా ఆటలెందుకండీ" అని మన పార్టీల్లో వింటూనే ఉంటాం. నేనూ అన్నవాణ్ణే. మా ఇంట్లో ఇప్పుడు శాట్ క్లాసు శనివారం నుంచి బుధవారం సాయంత్రానికి మారింది.