పొగ త్రిప్పిన చక్రము

కొలిమితిత్తి నూఁదినకొలఁది నిప్పు రాఁజుట మీరెఱుఁగుదురు. టర్బో యంత్రమునందలి కీలకమును అట్టిదే. మోటారు వదలు వేఁడిపొగ యొక చక్రమును త్రిప్పును. దానితోఁ దిరుగు మఱియొక చక్రము సిలిండర్లలోనికి గాలిని దట్టించును. గాలి హెచ్చినచో ఇంధనమును హెచ్చుగా మండించి బలము పెంచవచ్చును. స్విట్జర్లాండు దేశీయుఁడైన ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే దీనికి పేటెంటు కోరెను.

అమెరికాలో 1962లో ఓల్డ్స్‌మొబీల్ వారు జెట్‌ఫైర్ అను వీథికారునకు దీని నమర్చిరి. అయితే ఒత్తిన గాలి వేఁడెక్కును. అందు చేరిన పెట్రోలు అదను తప్పి ప్రేలి పిస్టన్లను చెఱచును. కావున నీరును మిథనాలును గలిపిన ద్రవమును లోనికిఁ జిమ్మించిరి. కొన్నవారిలోఁ బలువురు ఆ తొట్టి నింపుటయే మఱచిరి!

ఈ కథలో నాకు ముఖ్యముగాఁ దోఁచునది చల్లార్చుటయే. బ్యూయిక్ వారి గ్రాండ్ నేషనల్ కారు బలము 1985లో 200 అశ్వబలములు. 1986లో గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరును, మఱికొన్ని మార్పులును జేసిన పిమ్మట అది 235 అయ్యెను, 1987లో 245. సుమారు 402 మీటర్ల సూటిబాటపై జరుగు డ్రాగ్ పందెములకు దీనిని గొన్నవారు అంతటితోఁ దృప్తి చెందలేదు. నిదానస్థులు ముందు పెద్ద ఇంటర్‌కూలరును, ఇంధనము నెక్కువగాఁ జిమ్ము ఇంజెక్టర్లను బిగించి, ఆపైని గాలి పెంచిరి. తొందరపడినవారు గాలినే పెంచి సిలిండరు తలక్రింది గాస్కెట్టును పోఁగొట్టుకొనిరి. మఱునాఁడు పనికిఁ బోవలసినదియు ఆ కారే.