సెల్ టవర్ కూలితే దిక్కేంటి? విపత్తు వేళ ప్రాణాలు కాపాడే వైర్‌లెస్ సెట్ల సంగతి ఇదీ!

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ సిగ్నళ్లు పడకేశాయి. చేతిలో ఫోన్ ఉన్నా అయినవాళ్లు ఎలా ఉన్నారో కనుక్కునే దారి లేకపోయింది.

ఇలాంటప్పుడు ఇబ్బంది జనానికే కాదు, సహాయ సిబ్బందికీ ఉంటుంది. ఏ ఊళ్లోకి నీళ్లొచ్చాయో, ఎక్కడ రోడ్డు తెగిందో కబురు అందకపోతే పడవలు, అంబులెన్సులు సిద్ధంగా ఉన్నా ఎటు వెళ్లాలో తెలియదు. అందుకే ఈ స్మార్ట్‌ఫోన్ల కాలంలోనూ పోలీసులు, ఫైర్ సిబ్బంది, ఎన్డీఆర్ఎఫ్ బృందాలు వైర్‌లెస్ సెట్‌ను వదలవు. కారణాలేంటో చూద్దాం.

సెల్‌ఫోన్ ఎందుకు మూగబోతుంది?

పక్క వీధిలో ఉన్న మనిషికి చేసే కాల్ కూడా టవర్ మీదుగానే వెళ్లాలి. ఆ టవర్‌కు కరెంటు కావాలి, ఫైబర్ కేబుల్ లాంటి లింకూ ఉండాలి. బ్యాటరీలు, జనరేటర్ ఉన్నా కొన్ని గంటలే. రోడ్లు మూసుకుపోతే డీజిల్ చేరదు. టవర్ నిలబడ్డా, అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తే నెట్‌వర్క్ జామ్ అయిపోతుంది.

వాకీటాకీ బలం ఏంటి?

దగ్గర్లో ఉన్న రెండు సెట్లు టవర్ లేకుండా నేరుగా మాట్లాడుకుంటాయి. బటన్ నొక్కి ఒక్క మాట చెబితే ఆ ఛానల్‌లో ఉన్నవాళ్లందరికీ వినిపిస్తుంది. పది మందికి పది కాల్స్ చేయక్కర్లేదు.

అయితే పరిమితులూ ఉన్నాయి. మామూలు సెట్లలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగానే వెళ్తాయి కాబట్టి కొండలు, పెద్ద భవనాలు అడ్డొస్తాయి. దీనికోసం ఎత్తైన చోట రిపీటర్ పెడతారు. అది అందుకున్న మాటను మళ్లీ దూరానికి పంపుతుంది. రిపీటర్‌కు కరెంటు పోతే మాత్రం మళ్లీ దగ్గరి దూరమే దిక్కు.

వందల కిలోమీటర్లు దాటాలంటే?

ఇక్కడే హెచ్ఎఫ్ రేడియో పనికొస్తుంది. దీని తరంగాలు ఆకాశంలోని అయనోస్ఫియర్ పొర నుంచి వెనక్కి తిరిగి ఎంతో దూరంలో దిగుతాయి. ఒక సెట్, కారు బ్యాటరీ, యాంటెన్నాగా ఓ తీగ ఉంటే చాలు.

2004లో ఇది రుజువైంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం హ్యామ్ రేడియో కార్యక్రమం కోసం అండమాన్ వెళ్లింది. వాళ్లు అక్కడ ఉండగానే డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఫోన్లు పనిచేయని వేళ, ప్రపంచంలోని హ్యామ్‌లతో ముచ్చటించేందుకు తెచ్చిన సెట్లే ద్వీపాల నుంచి దేశానికి క్షేమ సమాచారం మోశాయి.

శాటిలైట్ ఫోన్ కూడా టవర్ అవసరం లేనిదే. కానీ పైన ఆకాశం తెరిచి ఉండాలి, ఖర్చు ఎక్కువ. మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం.

ఫోన్‌కు వచ్చే సైరన్ అలర్ట్ సంగతేంటి?

2023లో దేశవ్యాప్తంగా ఫోన్లకు పెద్ద శబ్దంతో టెస్ట్ మెసేజ్‌లు వచ్చాయి గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. నంబర్లతో పనిలేకుండా ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది. అయితే టవర్ బతికున్నంతసేపే! అందుకే ముప్పు రాకముందు హెచ్చరించడానికే ఇది బాగా ఉపయోగం.

మీరేం చేయొచ్చు?

- తుపాను హెచ్చరిక రాగానే ఫోన్, పవర్ బ్యాంక్ ఫుల్ ఛార్జ్ చేసుకోండి.
- సిగ్నల్ బలహీనంగా ఉంటే కాల్‌కు బదులు ఎస్ఎంఎస్ పంపండి.
- ప్రాణాపాయం ఉంటే 112కు ఫోన్ చేయండి.
- బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఇంట్లో ఉంచుకోండి.
- ఆసక్తి ఉంటే హ్యామ్ లైసెన్స్ తీసుకోండి. 12 ఏళ్లు నిండినవాళ్లు కేంద్ర టెలికాం శాఖ పరీక్ష రాయొచ్చు.

చివరగా ఒక్క మాట. బీరువాలో ఛార్జింగ్ లేకుండా పడున్న సెట్ తుపాను రోజున ఎవరినీ కాపాడదు. బ్యాటరీ నిండుగా ఉండాలి, ఏ ఛానల్‌లో మాట్లాడాలో సిబ్బందికి ముందే తెలియాలి. డ్రిల్స్ చేసేది అందుకే!